పాతికేళ్ల సెలవులు ఒకేసారి కొనాలా?

కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ వైపు ఎవరికి ఎప్పుడు తీరిక దొరుకుతుందో చాలావరకు సాగర్ ఎడమ కాల్వే తేలుస్తుంది. నీళ్లు వదిలారంటే నారుమళ్లు, నాట్లు. నవంబరు వచ్చేసరికి కోతలు, వెంటనే యాసంగి పనులు, ఏప్రిల్‌లో మళ్లీ కోతలు. ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరే ఆ నెలల్లో మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని దగ్గరి చుట్టాల పెళ్లికి పోయి అక్షింతలు వేసి రావడమే గగనం. ఎరువులు, పురుగుమందుల దుకాణం వాళ్లకు నాట్ల కాలం అంతే. వ్యవసాయంతో పనిలేని ఉద్యోగుల ఇళ్లకు కాల్వ బదులు బడి ఉంది. ఏప్రిల్ నాలుగో వారంలో మూసిన బడి జూన్ 12న తెరుస్తారు. దసరాకు రెండు వారాలకు కాస్త అటూ ఇటూ, సంక్రాంతికి ఓ వారం. ఆ వేసవిలోనే పెళ్లి ముహూర్తాలు ఎక్కువగా పడతాయి.

పిల్లవాడు పదో తరగతికి వచ్చాడంటే ఆ ఇంట్లో సెలవుల సంగతి ఎత్తే ధైర్యం ఎవరికీ ఉండదు. పది, ఇంటర్ మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం, ఆపైన ఎప్‌సెట్, నీట్ అని మూడేళ్లు ఎగిరిపోతాయి. ఇద్దరు పిల్లలుండి వాళ్ల మధ్య మూడేళ్ల ఎడం ఉంటే ఆరేళ్లు. తర్వాత కూతురు అమెరికా వెళ్లి కానుపుకి అమ్మను పిలిస్తే ఆరు నెలలు ఇల్లే ఖాళీ.

టైంషేర్ తీసుకోవాలా వద్దా అని ఎవరైనా అడిగితే ముందు ఈ క్యాలెండరు ముందేసుకొమ్మని చెబుతాను. కంపెనీ పేరు, రిసార్టు ఫొటోలు, ఆఫర్ ధర తర్వాత. ఏటా ఏడు రాత్రుల చొప్పున పాతికేళ్ల సెలవులకు ఇప్పుడే డబ్బు కట్టించుకునే సరుకు ఇది. అన్ని సెలవులు మన ఇంట్లో అసలు ఉన్నాయా అన్నది మొదట తేలాలి.

ఈ పద్ధతి పుట్టింది మన దగ్గర కాదు. 1960లలో ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో మంచు ఆటల కోసం ఏటా వచ్చేవాళ్లకు గది అద్దెకివ్వడం మాని, ఏడాదిలో ఒక వారం గదిని వాడుకునే హక్కు అమ్మడం మొదలైంది. స్విట్జర్లాండ్‌లో హాపిమాగ్ సంస్థ 1963 నుంచి ఇలాంటి ఏర్పాటే నడిపింది. ఏటా అదే కొండకు అదే వారం వెళ్లే అలవాటున్న జనం వాళ్లు. వాళ్లకది సరిపోయింది. తర్వాత అమెరికాకు పాకింది. ఒకే ఊరికి ఎన్నేళ్లని వెళ్తాం అన్న విసుగుకు జవాబుగా 1974లో ఇండియానాలో ఆర్‌సీఐ పుట్టింది. నీ వారం నాకిచ్చి నా వారం నువ్వు తీసుకో అనే మార్పిడి దాని పని. మన దేశంలో 1986లో స్టెర్లింగ్ హాలిడే రిసార్ట్స్, పదేళ్ల తర్వాత 1996లో మహీంద్రా హాలిడేస్ వచ్చాయి. మహీంద్రా హాలిడేస్ నడిపే క్లబ్ మహీంద్రా పేరు మున్నార్‌తో మొదలై, ఇప్పుడు సుమారు మూడు లక్షల సభ్యత్వాల దాకా వెళ్లింది. హైదరాబాద్ బేగంపేట నుంచి ఎదిగిన కంట్రీ క్లబ్ పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. దాని మీద పలు వినియోగదారుల ఫోరాలు సభ్యులకు సొమ్ము వాపసు ఇమ్మని తీర్పులిచ్చిన సంగతి కూడా పేపర్లలో చదివినవాళ్లకు తెలుసు.

మన దగ్గర అమ్మే సభ్యత్వాల్లో మూడు అంశాలు ధరను తేలుస్తాయి. మొదటిది కాలం. క్లబ్ మహీంద్రాలో పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని రంగులుంటాయి. పర్పుల్ అంటే అందరూ కోరుకునే రోజులు, బ్లూ అంటే ఎవరూ రాని రోజులు. రెండోది గది కొలత: ఒక్క గదా, పడకగది వేరుగా ఉందా, రెండు పడకగదులా. మూడోది ఎన్నేళ్లు. ఇవి కాక ఏటా కట్టాల్సిన నిర్వహణ రుసుము ఉంటుంది. వాడినా వాడకపోయినా అది కట్టాలి, కట్టకపోతే గది బుక్ కాదు. సభ్యత్వం మీద, ఈ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. భోజనం, రైలు, విమానం, కారు ఏదీ ఇందులో రాదు. కాగితం మీద సొంతమయ్యేది గోడా కాదు, గజం స్థలం కాదు. ఖాళీ ఉంటే గది అడిగే హక్కు, అంతే. "ఆస్తి కొన్నట్టే సార్" అని అమ్మకందారు చెప్పే మాటను ఒప్పందం కాగితంలో ఎక్కడ రాశారో చూపించమంటే చాలు.

ఇప్పుడు లెక్క. ఏ కంపెనీ ధరా కాదు, ఊహ మీద వేసుకుందాం. పన్నులతో కలిపి సభ్యత్వం నాలుగు లక్షలు, పాతికేళ్లు, ఏటా ఏడు రాత్రులు, నిర్వహణ రుసుము మొదట్లో ఏటా 18,000. అమ్మేవాళ్లు హాల్లో కూర్చోబెట్టి చెప్పే లెక్క ఇలా ఉంటుంది: నాలుగు లక్షలను 175 రాత్రులతో భాగించండి, రాత్రికి 2,300 కూడా పడదు, అదే హోటల్లో ఎనిమిది వేలు. వినడానికి బాగుంటుంది. నాలుగు లక్షలు ఈ రోజే ఇస్తున్నామనీ, 175వ రాత్రి పాతికేళ్ల తర్వాత వస్తుందనీ ఆ లెక్కలో లేదు. నిర్వహణ రుసుమూ లేదు.

కోదాడలో డబ్బుకు ధర ఉందని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. నాలుగు లక్షలు బ్యాంకులో ఏడు శాతానికి వేసి, అసలు, వడ్డీ కలిపి పాతికేళ్లలో అయిపోయేలా ఏటా సమానంగా తీసుకుంటే సంవత్సరానికి సుమారు 34,300 చేతికొస్తుంది. అంటే ఆ సభ్యత్వానికి ఏటా మనం వదులుకుంటున్నది అంత. దానికి 18,000 కలిపితే 52,300. ఏడు రాత్రులూ ఒక్కటి పోకుండా వాడితే రాత్రికి 7,470 రూపాయలు. సగటున నాలుగు రాత్రులే వాడితే 13,000 దాటుతుంది. అదే డబ్బును ఊళ్లో రూపాయి వడ్డీకి తిప్పే అలవాటున్న ఇంట్లో ఏటా 51,000 వదులుకున్నట్టు. రుసుముతో కలిపి ఏడు రాత్రులకు రాత్రికి 9,860 దాకా. రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి సభ్యత్వం కట్టేవాళ్ల లెక్క వేయడానికి నాకు మనసు రాదు. సంవత్సరానికి వడ్డీయే 96,000.

హోటళ్ల ధరలూ పెరుగుతాయి కదా అన్న వాదనలో నిజం ఉంది. ఇవాళ ఎనిమిది వేలున్న గది పదేళ్ల తర్వాత పదిహేను వేలు కావచ్చు. సభ్యత్వం ధర మాత్రం ఇవాళే కట్టేశాం. కానీ నిర్వహణ రుసుముకు ఆ తాళం లేదు. ఏటా ఆరు శాతం పెరిగిందనుకుంటే 18,000 పన్నెండేళ్లలో 36,000, ఇరవై నాలుగేళ్లకు 72,000 దాటుతుంది. అప్పటికి ఉద్యోగం నుంచి దిగిపోయి పెన్షన్ మీద ఉంటాం. ఒప్పందంలో ఈ పెంపుకు పరిమితి ఉందో లేదో ఎక్కువమంది చూడరు. నేనైతే సంతకం పెట్టే ముందు చదవాల్సిన ఒకే ఒక్క పేరా అదే అంటాను.

గదుల సంగతి మరింత మెలికగా ఉంటుంది. వంద గదుల రిసార్టులో ఏడాదికి 5,200 గది వారాలు. బడి పిల్లలున్న మన ఇళ్లకు పనికొచ్చేవి వేసవి ఏడు, దసరా రెండు, సంక్రాంతి ఒకటి, మొత్తం పది వారాలు. అంటే వెయ్యి గది వారాలు. ఆ వెయ్యికీ పోటీ మనతోనే కాదు. కర్ణాటక, తమిళనాడు, కేరళ బడులకూ వేసవి దాదాపు అప్పుడే. బెంగాల్ వాళ్లు పూజల సెలవుల్లో, గుజరాత్ వాళ్లు దీపావళికి కదిలితే ఊటీ, మున్నార్ నిండిపోతాయి. అందుకే రంగులు. పర్పుల్ సభ్యత్వం ఖరీదు ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది. తక్కువకు వస్తోందని బ్లూ, వైట్ తీసుకున్న టీచరు దంపతులకు ఆ రోజుల్లో సెలవు పెట్టే వీలే ఉండదు. "ఎప్పుడడిగినా గదుల్లేవంటున్నారు" అన్న ఫిర్యాదుల్లో కొన్ని కంపెనీల తప్పు, చాలా వాటిలో తప్పు రంగు కొన్న ఫలితం.

గది దొరికినా రైలు ఉంది. ఈ రిసార్టులు ఎక్కువగా ఉండేది మున్నార్, కూర్గ్, ఊటీ, కొడైకెనాల్, గోవా, రాజస్థాన్ వైపు. కోదాడ ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. ఖమ్మమో విజయవాడో మిర్యాలగూడో పోవాలి. మిర్యాలగూడ వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు, శబరి ఎక్స్‌ప్రెస్ నేరుగా కేరళకు తీసుకెళ్తుంది. ఇబ్బంది ఎక్కడంటే, రద్దీ రోజుల గది నెలల ముందే పట్టుకోవాలి, రైలు రిజర్వేషన్ మాత్రం 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. అంతకుముందు 120 రోజులుండేది. గది ఖాయమయ్యాక టికెట్ వెయిటింగ్ లిస్టులో పడితే కొచ్చిన్ విమానమే దిక్కు. నలుగురికి హైదరాబాద్ నుంచి రానుపోను విమానం, అక్కడినుంచి కారు కలిపితే ఉచితంగా వచ్చిందనుకున్న గదికి దారిఖర్చే బరువవుతుంది. జాతీయ రహదారి 65 మీద పొద్దున్నే కారు తీసి సాయంత్రానికి తిరిగొచ్చే మనవాళ్లకు ఇంత ముందుచూపు అలవాటు లేదు. ఎప్పుడో జనవరిలో మే నెల ఖాయం చేసుకునే ఇల్లు ఈ చుట్టుపక్కల ఎన్నని చూపించగలం? పెద్దాయనకు బాగోలేదంటే ప్రయాణం ఆగుతుంది, మేనమామ కొడుకు పెళ్లి కుదిరితే ఆగుతుంది. పొలం అమ్మకం రిజిస్ట్రేషన్ పడిందంటే అడగనే అక్కర్లేదు.

మనవాళ్లు అసలు ఎక్కడికి వెళ్తున్నారో చూస్తే మరో సంగతి తెలుస్తుంది. ఏటా తప్పనిసరి తిరుపతి. మిర్యాలగూడలో నారాయణాద్రి ఎక్కితే తెల్లారేసరికి దిగడమే. కొండ మీద దేవస్థానం గది యాభైకి, వందకు కూడా దొరుకుతుంది. భద్రాచలం, శ్రీశైలం, యాదగిరిగుట్ట, మట్టపల్లి ఉండనే ఉన్నాయి. రెండేళ్లకోసారి మాఘంలో దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర వస్తే సూర్యాపేట చుట్టూ ఎవరూ ఊరు వదలరు. శబరిమల దీక్ష తీసుకున్న ఇంట్లో నలభై ఒక్క రోజులు ఇంకో ప్రయాణం మాటే ఉండదు. ఈమధ్య పున్నమికి అరుణాచలం గిరిప్రదక్షిణ తోడైంది. మొక్కు చెల్లించుకోవడమే మన ప్రధాన విహారం. దారిలో ఒక చెరువు, ఒక కొండ చూస్తే అది లాభం. వీటిలో చాలావాటికి టైంషేర్ అక్కరకు రాదు. కొండ ప్రాంతాల విహారం వీటి మధ్య రెండు మూడేళ్లకోసారి దూరుతుంది. దానికి ఏటా ఏడు రాత్రులు ఎందుకు?

మనం ప్రయాణం చేసే తీరు కూడా రిసార్టు గది కొలతకు కుదరదు. గదికి ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అని రాసుంటుంది. మనం బయల్దేరితే నాయనమ్మ ఉంటుంది, బావగారి కుటుంబం కలుస్తుంది, మొత్తం పదిమందికి టెంపో ట్రావెలర్ మాట్లాడతాం. అదనపు మనిషికి అదనపు రుసుము ఉంటుందో లేదో, పెద్ద గది మన రంగుకు దొరుకుతుందో లేదో ముందే తేల్చుకోవాలి.

వంట సంగతి విడిగా చెప్పాలి. టైంషేర్ గదుల్లో వంటిల్లు ఉంటుందని అమ్మేటప్పుడు గొప్పగా చెబుతారు. గదిలో పొయ్యి ఉంటే మన ఇంటావిడకు సెలవు ఉన్నట్టా లేనట్టా? బియ్యం, పప్పు, గోంగూర పచ్చడి, రైస్ కుక్కర్ మోసుకెళ్లి మున్నార్ కొండల్లో కూడా ఆమే చారు పెడుతుంటే విహారం మిగతావాళ్లకే. అలా వద్దని రిసార్టులోనే తింటే మూడు పూటలు నలుగురికి అయ్యే బిల్లు చూసి ఇంటాయనకు నిద్ర పట్టదు. గేటు బయట హోటళ్లుంటే బతికిపోతాం. ఊరికి దూరంగా, అడవి అంచున ఉండే రిసార్టుల్లో ఆ దారి కూడా ఉండదు. అందం ఎక్కువున్న చోటే తిండి ఖర్చు ఎక్కువ. నా అభిప్రాయంలో ఇంటివాళ్లిద్దరూ కూర్చుని ముందుగా మాట్లాడుకోవలసింది ఇదే. సభ్యత్వం అమ్మేచోట దీని ప్రస్తావన రానివ్వరు.

ఆ అమ్మేచోటు ఎలా ఉంటుందో చాలామందికి అనుభవమే. మాల్‌లోనో, పెట్రోలు బంకులోనో, హైదరాబాద్ నుమాయిష్‌లాంటి సందడిలోనో లక్కీ డ్రా చీటీ మీద ఫోన్ నంబరు రాస్తాం. వారానికి ఫోను. "కంగ్రాచ్యులేషన్స్ సార్, మీకు మూడు రోజుల హాలిడే వోచర్ వచ్చింది, సార్ మేడం ఇద్దరూ రావాలి, పెళ్లైన జంటలకే." ఇద్దరూ ఎందుకు? ఇంటికెళ్లి అడిగి చెబుతానన్న మాట మనకు మిగలకుండా. హోటల్ హాల్లో పాటలు, టీ, బిస్కెట్లు, పక్క బల్ల దగ్గర ఎవరో సభ్యులయ్యారని చప్పట్లు. రెండు గంటలకు అలసిపోతాం. మొదట చెప్పిన ఏడు లక్షలు మేనేజరు గారొచ్చాక నాలుగున్నరకు దిగుతుంది, ఈ పూటకే. కార్డు గీయించుకుంటారు, మిగతాది ఈఎంఐ. ఆ ఈఎంఐ చాలాసార్లు వేరే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. గదులు దొరకలేదన్న కోపంతో వాయిదా ఆపితే నష్టపోయేది రిసార్టువాళ్లు కాదు, మన సిబిల్ స్కోరు. ఒక్క పూటలో రెండున్నర లక్షలు తగ్గించగలిగినవాళ్లు వారం తర్వాత అడిగినా తగ్గిస్తారు. తగ్గించకపోతే పోయేదేమీ లేదు.

వెనక్కి తగ్గే గడువు గురించి. యూరోపియన్ యూనియన్ 2008 నాటి ఆదేశం ప్రకారం టైంషేర్ కొన్నవాళ్లకు 14 రోజులు ఏ కారణం చెప్పకుండా రద్దు చేసుకునే హక్కుంది, ఆ పద్నాలుగు రోజుల్లో పైసా అడ్వాన్స్ తీసుకోకూడదు. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: ఫ్లోరిడాలో పది రోజులు, కాలిఫోర్నియాలో ఏడు, నెవాడాలో ఐదు. మన దేశంలో టైంషేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు. కొన్ని పెద్ద కంపెనీలు తమంతట తాము కొద్ది రోజుల గడువు ఒప్పందంలో రాసుకుంటాయి. అది ఎన్ని రోజులు, ఏ తేదీ నుంచి లెక్క, ఎంత కోసుకుంటారు అన్నది కాగితంలో చూసుకోవాలి. ఇంటికొచ్చి మనసు మారితే ఆ గడువులోపే ఈమెయిలు పంపి, స్పీడ్ పోస్టు కూడా చేయాలి. ఫోన్‌లో చెప్పిన రద్దుకు సాక్ష్యం ఉండదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఈ తంతు ఇంకా బాగా తెలుసు. ఆర్లాండోలో డిస్నీ టికెట్లు తక్కువకిస్తామనో, లాస్ వెగాస్‌లో గిఫ్ట్ కార్డు ఇస్తామనో తొంభై నిమిషాలు కూర్చోమంటారు. కొత్తగా పెళ్లై వెళ్లిన జంటలు, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలను తిప్పే కొడుకులు టికెట్ల కోసం వెళ్లి సంతకం పెట్టి వస్తారు. అక్కడి నిర్వహణ రుసుము సగటున ఏటా వెయ్యి డాలర్లు దాటుతుంది. వీసా గొడవలతో ఇండియా తిరిగొచ్చినా బిల్లు ఆగదు. ఒక్క తేడా ఏమిటంటే అక్కడి సంతకానికి రద్దు గడువు చట్టంలోనే ఉంది. హోటల్ గదికి తిరిగొచ్చి కాగితాలు నెమ్మదిగా చదివిన రాత్రే ఉత్తరం రాసినవాళ్లు బయటపడ్డారు.

పాతికేళ్ల హక్కు కొన్నామంటే ఆ పాతికేళ్లూ కంపెనీ బాగుంటుందని పందెం కాసినట్టు. స్టెర్లింగ్ చరిత్ర చూడండి. 1980ల చివర, 90లలో వారాలు ఉధృతంగా అమ్మారు, తర్వాత సంస్థ డబ్బు ఇబ్బందుల్లో కూరుకుపోయింది. చేతులు మారి, కొత్త యాజమాన్యం వచ్చి, 2014లో థామస్ కుక్ ఇండియాతో ఒప్పందం కుదిరాకే మళ్లీ నిలదొక్కుకుంది. సంస్థ కోలుకున్నా, మధ్యలో పోయిన సెలవులు ఎవరూ తెచ్చివ్వలేరు.

టైంషేర్ ముసుగులో డిపాజిట్లు పోగుచేసినవాళ్లది వేరే కథ. ముంబైకి చెందిన పాన్‌కార్డ్ క్లబ్స్ "రూమ్ నైట్స్" అమ్మింది. గది వాడుకోకపోతే గడువు తీరాక డబ్బు పెంచి ఇస్తామంది. వాడుకోవాలని కొన్నవాళ్లు ఎందరుంటారు? సెబీ దీన్ని అనుమతి లేని సామూహిక మదుపు పథకంగా తేల్చి, 2016 ఫిబ్రవరిలో సొమ్ము వాపసు ఇమ్మని ఆదేశించింది. మొత్తం 7,000 కోట్లకు పైగా, ఇచ్చినవాళ్లు 50 లక్షల మందికి పైగా. రాయల్ ట్వింకిల్ స్టార్ క్లబ్ అనే మరో సంస్థ హాలిడే ప్లాన్లనూ సెబీ ఇలాగే 2015లో ఆపింది. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో 32 లక్షల మంది డిపాజిట్లు ఇరుక్కున్న సంగతి మనవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గుంటూరు దారిలోని దాని హాయ్‌ల్యాండ్ రిసార్టు చూసి ఇంత ఆస్తి ఉన్నవాళ్లు ముంచుతారా అనుకున్నవాళ్లు ఎందరో. సెలవు సభ్యత్వం అమ్మేవాడు "వాడుకోకపోతే డబ్బు డబుల్" అన్నాడంటే అది విహారం కాదు, చిట్టీ కూడా కాదు. చిట్టీకైనా చట్టం, రిజిస్ట్రారు ఉన్నారు.

గొడవ వచ్చాక ఒప్పందంలో ఒక వాక్యం చూసి చాలామంది బెదిరిపోతారు: వివాదాలన్నీ చెన్నైలోనో ముంబైలోనో మధ్యవర్తి ముందే తేలాలని ఉంటుంది. బెదరక్కర్లేదు. అలాంటి వాక్యం ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చని ఎమ్మార్ ఎంజీఎఫ్, అఫ్తాబ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లోకి వచ్చాక, కంపెనీ ఎక్కడున్నా మనం ఉంటున్న చోటే కేసు వేయొచ్చు. కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ వాళ్లకు నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లాలోనే, ఐదు లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా లేదు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి, చాలామంది కంపెనీ కస్టమర్ కేర్‌తో మాట్లాడుతూ ఆ రెండేళ్లూ పోగొట్టుకుంటారు. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు, కొన్ని అక్కడే తెగుతాయి. గదులు అడిగి లేవనిపించుకున్న ప్రతిసారీ స్క్రీన్‌షాట్ దాచుకున్నవాళ్ల కేసు నిలబడుతుంది. "చాలాసార్లు అడిగాను సార్" అన్న మాట నిలబడదు.

మరి ఇది ఎవరికీ పనికిరాదా? పనికొస్తుంది, కొద్దిమందికి. బాధ్యతలు తీరి, పెన్షన్ వస్తూ, ఆరోగ్యం బాగుండి, జంటగా కొండలకు వెళ్లడం నిజంగా ఇష్టపడేవాళ్లకు వైట్ రంగు సభ్యత్వం చవకగా పడుతుంది. రద్దీ లేని రోజుల్లో వెళ్లగలగడం వాళ్లకు బలం. కానీ అరవై ఏళ్లప్పుడు పాతికేళ్లది కొనకూడదు. తక్కువ ఏళ్ల పథకాలుంటే అవి చూడాలి. మిర్యాలగూడ మిల్లరుకు ఆగస్టు, సెప్టెంబరు కాస్త ఖాళీ, కేరళలో వానలు, రిసార్టుల్లో రద్దీ తక్కువ. పిల్లలు పెద్దవాళ్లై బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగాల్లో ఉంటే అదే సభ్యత్వం మీద అందరూ ఒకచోట కలిసే వీలుంది. ఇలాంటి ఇళ్లు నాకు రెండు మూడు తెలుసు, వాళ్లు డబ్బు దండగైందని ఏనాడూ అనలేదు. బడిపిల్లలున్న ముప్పై ఐదేళ్ల జంటకు మాత్రం నేను వద్దంటాను. రంగులు, గదులు అమ్మేది వాళ్లకే ఎక్కువ, తీరిక లేనిది కూడా వాళ్లకే.

తేల్చుకోలేకపోతే గడిచిన ఐదేళ్లలో డబ్బు పెట్టి రిసార్టులోనో మంచి హోటల్లోనో ఉన్న రాత్రులు లెక్కపెట్టండి. తిరుపతి, చుట్టాల ఇళ్లు, పెళ్లిళ్లు తీసేసి. ముప్పై ఐదు ఉంటే ఆలోచించండి. పదో పన్నెండో ఉంటే ఆ నాలుగు లక్షలు బ్యాంకులో వేసి, వచ్చే వడ్డీతో రెండేళ్లకోసారి నచ్చిన ఊరికి, నచ్చిన హోటల్‌కు వెళ్లండి, అసలు ఎక్కడికీ పోదు. సాగర్ విజయ్ విహార్‌లో, అరకులో ప్రభుత్వ పర్యాటక సంస్థల గదులు ఏ సభ్యత్వం లేకుండానే దొరుకుతాయి. కొనాలనే ఉంటే ముందు అదే రిసార్టులో అదే సీజన్‌లో మామూలు అతిథిలా డబ్బు కట్టి ఉండి, అక్కడికొచ్చిన పాత సభ్యులను బల్ల దగ్గర పలకరించండి. హాల్లో దొరకని నిజాలు ఇడ్లీ ప్లేటు దగ్గర దొరుకుతాయి.

ఇప్పటికే తీసుకున్నవాళ్లు ఉన్నదాన్ని పిండుకోవడమే మేలు. వాడని రాత్రులు వచ్చే ఏడాదికి ఎన్ని జమవుతాయో, బంధువుల పేరు మీద బుక్ చేస్తే రుసుము ఎంతో తెలుసుకుంటే, మనకు వీలుకాని ఏడాది చెల్లెలి కుటుంబాన్నైనా పంపొచ్చు. అమ్మేద్దామంటే మన దేశంలో చెప్పుకోదగ్గ సెకండ్ హ్యాండ్ బజారు లేదు, కొన్న ధరలో కొద్ది భాగం కూడా రాదు, పేరు మార్పుకు కంపెనీకి వేరే రుసుము. ఆ అవసరం కనిపెట్టి వచ్చే ఫోన్లు మరో రకం. "మీ మెంబర్‌షిప్ కొనడానికి పార్టీ రెడీగా ఉంది సార్, ముందు జీఎస్టీ, ఎన్‌ఓసీ ఖర్చులు పంపండి, అన్నీ కలిపి వాపసు వస్తాయి." ఇది ప్రపంచమంతా ఉన్న మోసం. మెక్సికోలో ప్యూర్టో వల్లార్టా కేంద్రంగా ఒక మాదకద్రవ్యాల ముఠాయే అమెరికన్ల పాత టైంషేర్లు అమ్మిపెడతామని డబ్బు గుంజిందని అమెరికా ఖజానా శాఖ 2023లో ఆంక్షలు విధించింది. అమ్మేవాళ్ల దగ్గర ముందుగా డబ్బు అడిగే కొనుగోలుదారు ఎక్కడా ఉండడు. అలాంటి ఫోను వస్తే పెట్టేయడమే. డబ్బు అప్పటికే వెళ్లిపోయి ఉంటే, సిగ్గుపడి ఇంట్లో దాచకుండా, గంటలోపే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.